మా తోడికోడలికి లిఫ్టు ఇవ్వకండి

మా ఆయన మా సరిహద్దు ఊరు కోంటాలో సైకిల్ సంఘం పెట్టిన ఏడాదే, మా ఇంట్లో నిజంగా సైకిల్ తొక్కాలనుకున్న ఒకే ఒక్క మనిషిని రోజూ మోటారు బండి మీద దింపి రావడం మొదలైంది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా జరిగాయో ఇప్పుడు తలుచుకున్నా నాకు అంతుబట్టదు. ఎవరైనా వద్దన్నారా అంటే లేదు. అడ్డుపడ్డారా అంటే అదీ లేదు. నాకు నోరు కాస్త పెద్దదని మా బజారంతా ఎరుగుదురు. అలాంటిదాన్ని, కొంగు బిగించి ఎవరి మీదికి వెళ్లాలో తెలియక ఊరికే నిలబడిపోయాను.

ముందు సంఘం సంగతి చెప్తాను. మాది బట్టల దుకాణం. మా ఆయనకు షుగర్ వచ్చిందని డాక్టరు చెప్పాక, దుకాణంలో గల్లాపెట్టె ముందు కదలకుండా కూర్చునే మనిషికి ఒక్కసారిగా సైకిల్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎదురుగా మందుల షాపు ఆయన, హైస్కూల్లో చెప్పే గురూజీ, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిశారు. ఆదివారం పొద్దున్నే అందరూ పసుపు చొక్కాలు వేసుకుని శబరి వంతెన దాకా తొక్కుకెళ్లి, అక్కడ ఇడ్లీలు తిని, అవి అరగకముందే ఇల్లు చేరేవాళ్లు. ఒకసారి అడవి లోపలి ఊరి వైపు వెళితే, వరసగా ఒకే రంగు చొక్కాలు చూసి పశువులకు సూదులు వేసే సర్కారీ మనుషులనుకుని ఒకావిడ ఆవును తాడు పట్టుకుని తీసుకొచ్చిందట. మా ఆయన ఆ ఆవు ముందు నిలబడి సైకిల్ వల్ల ఆరోగ్యానికి కలిగే లాభాలు చెప్పి వచ్చాడు.

నెలకోసారి మా దుకాణం వెనక వరండాలో మీటింగ్. టీ పెట్టేది నేను. ఎప్పుడూ ఒకటే ప్రశ్న: జనం చేత సైకిల్ తొక్కించడం ఎలా? బడి పిల్లలకు పోటీ పెడదామని ఒకరంటారు. వారానికి ఒక రోజు బజారులో మోటార్లు బంద్ చేద్దామని ఇంకొకరు. సంతలో ఉచితంగా పంచర్లు వేద్దామని మందుల షాపాయన. ఒకసారి టీ గ్లాసులు అందిస్తూ నేను ఉండబట్టలేక అడిగాను.

"సంత రోజు మీరు బజారు చూడరా ఏంది? చింతపండు కట్టుకొచ్చేటోళ్లు, విప్పపువ్వు మూటలేసుకొచ్చేటోళ్లు అందరూ సైకిళ్ల మీదనే వస్తరు గదా. వాళ్లు లెక్కలోకి రారా?"

గురూజీది జగదల్పూర్ వైపు. తెలుగు, హిందీ కలిపి మాట్లాడతాడు. "వాళ్లది మజ్‌బూరీ భాభీజీ, గతిలేక తొక్కుతారు. మనం శౌక్‌తో, ఇష్టంగా తొక్కేవాళ్లను తయారు చెయ్యాలి" అన్నాడు.

నాకు అక్కడే తల తిరిగింది. అవసరమూ ఉండి, ఇష్టమూ ఉన్న మనిషి ఏ లెక్కలోకి వస్తుంది? అలాంటి మనిషి ఆ గోడకు అవతలే కూర్చుని బడి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటోంది. మా తోడికోడలు.

ఆమె మా మరిది భార్య. పుట్టిల్లు గొల్లపల్లి. వ్యవసాయం చేసుకునే కుటుంబం. బడికి వెళ్లే ఆడపిల్లలకు సర్కారు ఇచ్చే సైకిల్ మీద ఊరికీ బడికీ మధ్య ఎండా వానా తిరిగి చదువుకున్న పిల్ల. ఆమె సైకిల్ తొక్కడం నేను పెళ్లిచూపులకు వెళ్లిన రోజే చూశాను. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండో చెయ్యి గాలిలో, అక్కడి ఊళ్ల భాష డోర్లీలో ఎవరినో పిలుస్తూ మా ముందు నుంచే వెళ్లింది. ఆ పిల్లేనా మనం చూడటానికి వచ్చింది అని మా ఆయన నా చెవిలో అడిగాడు.

పెళ్లయ్యాక ఆ సైకిల్ కూడా ఆమెతోపాటు మా ఇంటికి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. మెట్ల కింద, బట్టల బేళ్ల పక్కన పెట్టారు. పైన ఒక గోనెపట్టా కప్పారు, దుమ్ము పడకుండా. చూశారా, ఎంత శ్రద్ధో!

తర్వాత ఆమెకు ఎర్రబోరు దారిలో, రోడ్డు పక్క ఊరి బడిలో అతిథి శిక్షక్‌గా అవకాశం వచ్చింది. అంటే పర్మనెంటు కాని టీచరు. వద్దనుకుంటే తీసేస్తారు. అక్కడి చిన్నపిల్లలకు హిందీ రాదు, ఇంట్లో డోర్లీ మాట్లాడతారు. ఈమె పాఠం మొదట డోర్లీలో చెప్పి, తర్వాత హిందీలోకి తీసుకెళ్లేది. పిల్లలు ఆమెను వదిలేవారు కాదు. మా ఇంట్లో ఆమె చిన్నకోడలు. దుకాణంలో ఏ రంగు చీరలు తేవాలో కూడా ఆమెను ఎవరూ అడగరు. అక్కడ మాత్రం మేడమ్. బడికి వెళ్లిన రోజు ఆమె అన్నం తినే తీరే వేరుగా ఉండేది, రెండోసారి అడిగి పెట్టించుకునేది.

కానీ వెళ్లేది ఎలా? మా మరిది మోటారు మీద దింపుతానన్నాడు. మంచివాడు. దింపాడు కూడా. అయితే సరుకు కోసం భద్రాచలం వెళ్లిన రోజు దింపలేడు. గోదాములో లోడు దిగే రోజు దింపలేడు. ఆ రోజు మా ఆయన దింపుతాడు, కానీ ఆయన దుకాణం తెరిచి, దీపం పెట్టి, మొదటి బేరం అయ్యాక. ఆటో నిండితే గాని కదలదు. ఇలా ఆలస్యాలు, నాగాలు పెరిగిపోయాయి. ఒక రోజు ఆమె వచ్చి నా పక్కన కూరగాయలు తరగడానికి కూర్చుని, కత్తిపీట ముట్టుకోకుండా అలాగే ఉండిపోయింది.

"హెడ్మాస్టరు ఏమన్నడో తెలుసా అక్కా? నువ్వు మంచిగ చెప్తవ్, కానీ టైముకి రావు. ఇట్లనే ఉంటే ఇంకో మనిషిని అడుగుత అన్నడు."

"మరి నువ్వేమన్నవ్?"

"ఏమంట? నిజమే గదా. ఈ ఉద్యోగం పోతే నేను మళ్లీ లోపలికే అక్కా."

ఆమె మా ఇంటినే "లోపల" అంది. నేనూ అదే ఇంట్లో ఉన్నాను కాబట్టి ఆ మాట నాకు కాస్త తగిలింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర, రేపట్నుంచి సైకిల్ మీద వెళ్తానని ఆమె చెప్పేసింది. నేను గొడవకు సిద్ధమైపోయాను. ఎవరేమంటే ఏం జవాబివ్వాలో మనసులో వరసగా పేర్చుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. మా ఆయన చప్పట్లు కొట్టాడు. "మన సంఘంలో తొలి మహిళా సభ్యురాలు!" అన్నాడు. మా మరిది "సరే, బ్రేకులు చూపిస్త" అన్నాడు. అంతే! పేర్చుకున్న జవాబులన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

మర్నాడు సంఘం మొత్తం దిగింది. సైకిల్‌కు పసుపు, కుంకుమ, పూలదండ. చక్రాల కింద నిమ్మకాయలు. ఆమెకు శాలువా. ఫోటోలు. తొలిరోజు ఒంటరిగా పంపడం ఏం మర్యాదని అందరూ పసుపు చొక్కాలతో వెంట బయలుదేరారు. దారిలో టీ హోటల్ కనిపించగానే అలవాటు ప్రకారం ఆగారు. మేడమ్‌ను వదిలేసి తాగితే బాగోదని ఆమెనూ ఆపారు. ఆమె బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. హెడ్మాస్టరు పసుపు చొక్కాల గుంపును చూసి ఏదో పార్టీ వాళ్లనుకుని నీళ్లు తెప్పించాడట.

సరే, మొదటి రోజు అని ఊరుకున్నాను. రెండో రోజు నుంచి ఆమె ఒంటరిగా బయలుదేరింది. సాయంత్రం చూస్తే ఆటో దిగింది. సైకిల్ ఆటో మీద కట్టి ఉంది. ఆ మర్నాడు ఎవరిదో సరుకు జీపులో. ఆ తర్వాత మందుల షాపాయనే, సంఘం మనిషే, తన మోటారు మీద దింపి, సైకిల్‌ను దారిలో తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టించాడు.

మా వైపు తెలిసిన మనిషి రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపకుండా వెళ్లడమంటే మొహం మీద తలుపు వేసినట్టే. ఫలానావాళ్లు చూసి కూడా ఆపకుండా వెళ్లారని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. అందులోనూ దుకాణం వాళ్ల ఇంటి కోడలు. మా ఆయన తండ్రి దగ్గర అరువు బట్టలు తీసుకున్నవాళ్లు, మా పెళ్లిళ్లలో భోజనం చేసినవాళ్లు, అందరూ ఆ రోడ్డు మీదే తిరుగుతుంటారు. ఒక్కొక్కరూ ఆపేవారు. "ఎక్కమ్మా, మీ మామకీ నాకూ ఎంత స్నేహమో నీకు తెల్వదు" అంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? వద్దని ఒకసారి అనవచ్చు, రెండుసార్లు అనవచ్చు. పెద్దవాళ్లు దిగి వచ్చి సైకిల్ హ్యాండిల్ పట్టుకుంటే ఇంకేముంది? ఆ దారిలోని పోలీసు క్యాంపు దగ్గర జవాన్లు కూడా "క్యా దీదీ, మోటార్ ఖరాబ్ హై క్యా?" అని, బండి పాడైందేమోనని జాలిపడేవారట. ఇంత దయ మధ్య ఆమె రోజూ ఆలస్యంగానే చేరేది. ఎక్కించుకున్నవాళ్లు దారిలో తమ పనులు చూసుకుంటూ గాని దింపరు కదా.

ఇంకో సంగతి. షావుకార్ల ఇంటి ఆడది సైకిల్ తొక్కుతోందంటే దానికి మా బజారులో అర్థం ఒకటే: దుకాణం దెబ్బతింది. భద్రాచలం నుంచి హోల్‌సేల్ ఆయన మా ఆయనకు ఫోన్ చేసి, అదీ ఇదీ మాట్లాడి, చివర్లో "అంతా మంచిదేనా?" అని అడిగాడు. మా ఆయన గట్టిగా నవ్వాడు. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు లేదు. మర్నాడు పొద్దున మా మరిది మోటారు బయటికి తీసి, తుడిచి, ఆమె కోసం నిలబడ్డాడు. సైకిల్ మళ్లీ మెట్ల కిందికి వెళ్లింది.

నాకు పిచ్చెక్కినట్టయింది. మా ఆయనతో పోట్లాడబోతే, "నేనేమన్నా వద్దన్ననా? నేను సంఘం అధ్యక్షుణ్ణి!" అన్నాడు. మరిదిని నిలదీస్తే, "వదినా, నేను ఒక్క మాటన్న అన్ననా?" అన్నాడు, పాపం, నిజంగానే బాధపడుతూ. మందుల షాపాయన మీద అరిచాను. "సాయం చేస్తే తిడతవేంది వదినా?" అని ఆయన నోరు తెరిచి చూశాడు. ముగ్గురి మాటా నిజమే. ముగ్గురూ మంచివాళ్లే. మరి ఆ పిల్ల ఉద్యోగం ఎవరి చేతుల్లో పోతోంది? చెడ్డవాడు ఒక్కడు దొరికితే నా పని ఎంత తేలికయ్యేదో.

సంఘం మళ్లీ కూర్చుంది. గురూజీ ఒక ఉపాయం చెప్పాడు. సైకిల్ వెనక అట్ట కట్టాలి, తెలుగులో, హిందీలో: "నాకు లిఫ్టు వద్దు, ధన్యవాదాలు." అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు? సైకిల్ మళ్లీ బయటికి వచ్చింది, అట్టతో సహా. దారిన పోయేవాళ్లంతా అట్ట చదవడానికి బండ్లు ఆపారు. చదివాక, ఎందుకు వద్దని అడగడానికి దిగారు. చదువు రానివాళ్లు చదివి చెప్పమన్నారు. ఒకాయన సైకిల్‌కు అట్ట ఉంది కాబట్టి అమ్మకానికి పెట్టిందనుకుని బేరం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆమె ఇంటికి వచ్చి నవ్వి నవ్వి, చివరికి ఏడ్చింది. "ఇంకో నాగా పడితే అయిపోయినట్టే అక్కా. సార్ గట్టిగనే చెప్పిండు" అంది.

ఆ వారం మీటింగులో నేను టీ పెట్టలేదు. వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను.

"మీరు జనాన్ని సైకిల్ ఎక్కించుడు తర్వాత. ఎక్కిన ఒక్కదాన్ని దింపకుండ ఉండుర్రి, చాలు" అన్నాను. "పసుపు చొక్కాలేసుకుని నా వెంట రార్రి. ఆటో స్టాండుకి, జీపుల దగ్గరికి, క్యాంపు కాడికి. అందరికీ చెప్దాం, ఆమె కనబడితే ఆపొద్దని."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడగాల్సింది ఇంత చిన్న పనా అన్నట్టూ ఉంది, ఇంత చెడ్డ పనా అన్నట్టూ ఉంది. అయినా వచ్చారు. బజారంతా తిరిగాం. నేను తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను, లోపలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు నాకు వచ్చిన వంకర డోర్లీలో చెప్పాను. అందరూ నన్ను వింతగా చూశారు. మా బేళ్లు మోసే జీపు డ్రైవరు, పెద్దమనిషి, బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

"ఇదేం మాట సావుకారమ్మా? మీ ఇంటి పిల్ల ఎండలో పోతుంటే, చూసుకుంట ఎట్ల పోవాలె?"

"హారన్ కొట్టి పో."

"గుర్తుపట్టనట్టా?"

"గుర్తుపట్టే పో. గుర్తుపట్టి గూడ ఆపకు."

ఆయన సరేనని తల ఊపాడు గాని, మనసు ఒప్పలేదని మొహం చెబుతూనే ఉంది. ఆయన్ని ఏమనాలి? అసలు నేనేం అడుగుతున్నానో నాకే సరిగా తెలియదు. ఊరి మంచితనాన్ని కొంచెం పక్కన పెట్టమని ఇంటింటికీ తిరిగి బతిమాలుతున్నాను. పసుపు చొక్కాలు నా వెనక వరసగా నిలబడి తలలూపుతున్నాయి. సైకిల్ సంఘం పని ఇదేనా, ఇంకేమన్నానా? మా ఆయన్ని అడిగితే ఆయనకూ తెలియదన్నాడు.

కానీ పని జరిగింది. బండ్లు హారన్ కొట్టి వెళ్లిపోయేవి. ఆమె చెయ్యి ఊపేది. బెల్లు కొట్టకముందే బడిలో ఉండేది. రోజులు అలా గడుస్తుంటే ఆ రోడ్డు మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, ఒక నర్సమ్మ, ఒక అంగన్‌వాడీ ఆమె, సైకిళ్లు తీశారని విన్నాం. మా ఆయన అది తమ ఆదివారం ఊరేగింపుల ఫలితం అన్నాడు. అనుకోనిచ్చాను. మా మరిది మాత్రం రోజూ ఆమె వెళ్లాక దుకాణం మెట్ల మీద కాసేపు నిలబడి రోడ్డు వైపు చూసి లోపలికి వచ్చేవాడు.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. ఎర్రబోరు సంతకు మేం బట్టలు తీసుకెళ్లే రోజు అది. పొద్దున్నే ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని, ప్లాస్టిక్ కవరు తలకు కట్టుకుని బయలుదేరింది. నేను తర్వాత జీపులో, ఆ డ్రైవరు పెద్దమనిషి పక్కనే, వెనక బేళ్లు వేసుకుని కదిలాను. వాన ఎంత గట్టిగా ఉందంటే అద్దం తుడిచే పుల్ల అటు పోయి ఇటు వచ్చేలోపు దారి మాయమయ్యేది. క్యాంపు దాటి కొంత దూరం పోయాక, రోడ్డు అంచున ఒక మనిషి సైకిల్ తోసుకుంటూ నడుస్తూ కనిపించింది. ముందు ఎవరో అనుకున్నాను. దగ్గరికి వచ్చాక ప్లాస్టిక్ కవరు చూశాను. వెనక చక్రంలో గాలి లేదు. చీర మోకాళ్ల దాకా బురద.

జీపు నెమ్మదించింది. పెద్దమనిషి నా వైపు తిరిగాడు.

"ఇప్పుడేం చెయ్యమంటవ్ అమ్మా?"

బడి ఇంకా దూరం ఉంది. ఎక్కించుకుంటే ఈ పూట టైముకి అందుకుంటుంది. ఎక్కించుకోకపోతే, ఆలస్యమై ఆ ఇంకో నాగా ఈ రోజే పడవచ్చు. అయితే నేను ఆపానంటే, సాయంత్రానికల్లా స్టాండు మొత్తానికి తెలుస్తుంది. వాళ్ల సొంత మనిషే ఆపిందట అంటారు. రేపట్నుంచి మళ్లీ ప్రతి బండీ ఆగుతుంది. ఈ రెండింటిలో ఏది ఆమెకు మేలు? దేవుడి సాక్షిగా నాకు తెలియలేదు. ఆ వానలో ఆ పిల్ల వీపు దగ్గరవుతూనే ఉంది.

"అమ్మా?" అన్నాడు ఆయన.

"పోనియ్" అన్నాను.

ఆయన హారన్ కొట్టాడు. చాలా మెల్లగా, అటువైపు నీళ్లు చిందకుండా దాటించాడు.

ఆ రోజు సంతలో నేను ఏం అమ్మానో నాకు గుర్తులేదు. లంగా బట్ట అడిగినావిడకు దుప్పటి కోసి ఇచ్చాను. తప్పు నాదైనా ఆవిడ మీదే అరిచాను. ఒకసారి నేను చేసింది సరైనదనిపించేది. మరుక్షణమే, ఎంత కఠినురాలివే అనిపించేది. నాకు ఆమె మీద ఉన్నది ప్రేమా, నా మాట నెగ్గాలన్న పంతమా అని కూడా అనుమానం వచ్చింది. ఎవరితో చెప్పుకోను? పెద్దమనిషి గుడారం అంచున కూర్చుని వాన చూస్తున్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె వెనక మెట్ల మీద కూర్చుని కొంగు పిండుకుంటోంది. మా మరిది పక్కనే సైకిల్‌ను తలకిందులు చేసి టైరు విప్పుతున్నాడు. ఆమె మొహం చూసి నాకు ఏమీ అర్థం కాలేదు. ఉద్యోగం నిలిచిందో పోయిందో ఆ మొహంలో లేదు.

"అందుకున్నవా?" అన్నాను, చెప్పులు కూడా విడవకుండా.

"బెల్లు కొడుతుంటే లోపలికి పోయిన. చివరికి సైకిల్ పట్టుకుని ఉరికిన అక్కా. సార్ నన్ను పైనుంచి కిందిదాక చూసి, తువ్వాల ఇచ్చి, హాజరు వెయ్యమన్నడు."

అక్కడే ఆమె పక్కన కూలబడ్డాను. చెప్పనా మాననా అని నేను తడబడుతుంటే ఆమే అంది.

"జీపులో నువ్వున్నవని తెలుసు. బేళ్లు చూసి గుర్తుపట్టిన."

"మరి నా మీద కోపం రాలేదా?" అన్నాను.

ఆమె పిండుతున్న కొంగు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉంది.

"కోపం ఎందుకక్కా? జీపు మెల్లగైంది చూడు, అప్పుడు భయమైంది. ఆపుతవేమోనని."